బండిలో కరెంటు సమస్యా? పార్టు కొనే ముందు మీటరు పట్టండి

సెల్ఫ్ తిరగకపోతే కొత్త బ్యాటరీ. అదీ నాలుగు రోజులకే దిగిపోతే రెక్టిఫైయర్ (ఇంజనులో పుట్టే ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేది). అయినా బాగుపడకపోతే ఇంజను పక్క కవరు విప్పి స్టేటర్ కాయిల్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే తీగచుట్ట). ఊహ మీద చేసే రిపేరు ఈ వరుసలోనే నడుస్తుంది. ఇంతా చేస్తే చాలాసార్లు తప్పు ఫ్రేముకు బిగించిన ఎర్త్ బోల్టు కింద పట్టిన తుప్పుది. మోటార్ సైకిల్ వైరింగ్ వాననీ, దుమ్మునీ, ఇంజను వేడినీ, అదురునీ రోజూ భరించాలి. అందుకే పార్టుల కన్నా ముందు పాడయ్యేవి వాటిని కలిపే చోట్లు: కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు), ఎర్త్ పాయింట్లు, స్విచ్ కాంటాక్టులు, బ్యాటరీ టెర్మినళ్లు.

ఏ పార్టును అనుమానించినా ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. దానికి ప్లస్ అందుతోందా? ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి, అందుతోందా? పనిచేయమని చెప్పే స్విచ్ లేదా సిగ్నల్ దానిదాకా వస్తోందా? మూడూ అందుతున్నా, అదీ సర్క్యూట్ ఆన్‌లో ఉండి లోడు పడినప్పుడు కూడా అందుతున్నా పార్టు పనిచేయకపోతేనే పార్టు పోయినట్టు. ఈ మూడింటిలో ఒకటి లేకపోతే కొత్త పార్టు బిగించినా ఫలితం అదే.

కావలసిన సరంజామా

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. అందులో డీసీ వోల్టులు, ఏసీ వోల్టులు, ఓమ్‌లు, డయోడ్ టెస్టు, 10 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. వాడే ముందు ఓమ్‌లలో పెట్టి రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించండి. 0.1 నుంచి 0.5 దాకా చూపిస్తుంది. అది మీటరు వైర్ల నిరోధం. తక్కువ ఓమ్‌లు కొలిచేటప్పుడు ఆ అంకెను తీసేయాలి.

మీటరుతో పాటు ఒక టెస్ట్ ల్యాంపు చేసుకోండి. 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు, దాని హోల్డరు, రెండు వైర్లు, రెండు క్లిప్పులు ఉంటే సరిపోతుంది. మీటరు ఉండగా ఇదెందుకంటే, డిజిటల్ మీటరు సర్క్యూట్ నుంచి దాదాపు కరెంటు తీసుకోదు. తుప్పు పట్టి, ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు చివర కూడా అది 12 వోల్టులు చూపించేస్తుంది. బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ వైరు అసలు సత్తా అక్కడ బయటపడుతుంది. మీటరు 12 చూపిస్తున్న చోట బల్బు మినుకుమంటే, దానికి వెనకాల ఎక్కడో జాయింటు చెడిందని అర్థం. ఒక్క జాగ్రత్త: ఈసీయూకి (ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు), సెన్సర్లకి వెళ్లే వైర్లకు ఈ బల్బు తగిలించకూడదు. అవి ఇంత కరెంటు తట్టుకోలేవు.

ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని వైరింగ్ డయాగ్రామ్ తప్పక దగ్గర పెట్టుకోండి. వైరు రంగు చూసి ఊహించడం ప్రమాదం. హోండాలో ఎర్త్ సాధారణంగా ఆకుపచ్చ, యమహాలో నలుపు, సుజుకీలో నలుపు మీద తెలుపు గీత, కవాసాకీలో నలుపు మీద పసుపు గీత. హోండాలో నల్ల వైరు మామూలుగా తాళం తిప్పాక వచ్చే ప్లస్. యమహా అలవాటుతో దాన్ని ఎర్త్‌కు కలిపితే ఫ్యూజు పోతుంది.

మీటరు తీసే ముందు

ఏది పనిచేస్తోందో, ఏది చేయడం లేదో ముందు కాగితం మీద రాయండి. ఒక్క హారన్ మాత్రమే మోగకపోతే దాని స్విచ్చు, వైరు, హారన్, ఎర్త్ చూస్తే సరిపోతుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు ఒకేసారి పోతే మూడూ విడివిడిగా చెడిపోవు; ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, ఎర్త్ మీదకు వెళ్లాలి.

కొన్ని లక్షణాలు వాటంతటవే దారి చూపిస్తాయి. బ్రేకు నొక్కితే ఇండికేటర్లు కూడా సన్నగా వెలుగుతున్నాయా? వెనక లైటు ఎర్త్ తెగింది. కరెంటు ఎర్త్ దొరక్క పక్క బల్బుల గుండా దారి వెతుక్కుంటోంది. ఇండికేటర్ ఒక వైపు మాత్రం గబగబా కొట్టుకుంటోందా? ఆ వైపు ఒక బల్బు పోయి ఉంటుంది. ఎల్ఈడీలు పెట్టాక రెండు వైపులా అలా కొట్టుకుంటే బల్బుల వాటేజీని బట్టి నడిచే పాత రకం ఫ్లాషర్ (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే పార్టు) ఉన్నట్టు. దాని బదులు ఎల్ఈడీకి సరిపడే ఫ్లాషర్ పెడితే సరిపోతుంది, వైరింగ్ కెలకనక్కర్లేదు.

చిన్న బండ్లలో, ముఖ్యంగా పాతవాటిలో, హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా నేరుగా స్టేటర్ నుంచి ఏసీగా వస్తుంది. ఇంజను నడుస్తేనే వెలుగుతుంది, ఐడ్లింగ్‌లో సన్నబడుతుంది, రేజ్ చేస్తే పెరుగుతుంది. అది దాని తీరే. దీనికోసం బ్యాటరీ మార్చినవాళ్లకు లెక్క లేదు.

చివరగా బండికి ఏం పెట్టించారో చూడండి. అలారం, ఫాగ్ లైట్లు, ఫోన్ చార్జర్, పెద్ద హారన్ లాంటివి ఏవైనా వైరు గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి కలిపి ఉంటే వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముందు బ్యాటరీ

బ్యాటరీ బాగోకపోతే మిగతా కొలతలన్నీ తప్పుగా వస్తాయి. చార్జర్ నుంచి తీసిన వెంటనే కొలవకండి, పై పై చార్జి వల్ల అంకె ఎక్కువ కనిపిస్తుంది. కొన్ని గంటలు వదిలేసి, తాళం ఆఫ్‌లో ఉంచి టెర్మినళ్ల మీద కొలవండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 నుంచి 12.8 వోల్టులంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 కన్నా తక్కువంటే దాదాపు ఖాళీ. పూర్తిగా చార్జి చేశాక కూడా 10.5 దగ్గరే ఆగితే ఆరు సెల్స్‌లో ఒకటి పోయింది, అది మార్చాల్సిందే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు ఈ లెక్క పనికిరాదు, వాటికి 13.3 దరిదాపుల్లో నిండు, 12.8 అంటే చాలా వరకు ఖాళీ.

నిలకడ వోల్టేజి బాగుంటే పని అయిపోలేదు. మీటరు టెర్మినళ్ల మీదే ఉంచి సెల్ఫ్ కొట్టండి. 10 వోల్టులకు పైన నిలిస్తే బ్యాటరీకి సత్తా ఉంది. నిండు చార్జి ఉండి కూడా 9.5 కిందకు జారితే బ్యాటరీ బలహీనపడి ఉండాలి, లేదా సెల్ఫ్ మోటారు మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతూ ఉండాలి. ఇంకో బాగున్న బ్యాటరీతో ఇదే కొలత తీసుకుంటే ఏదో తేలిపోతుంది.

ప్రోబ్‌లు బ్యాటరీ సీసం కడ్డీ మీద పెట్టినప్పుడు ఒక అంకె, వైరు బోల్టు మీద పెట్టినప్పుడు ఇంకో అంకె వస్తే, ఆ తేడా మొత్తం టెర్మినల్ మురికిదే. గీకి బిగించండి.

వోల్టేజి ఎక్కడ పోతోందో పట్టుకోవడం

బండి వైరింగ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఇది. చాలామంది మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, వైరు ఈ చివర, ఆ చివర తాకించి, బీప్ వస్తే వైరు బాగుందనుకుంటారు. ఆ బీప్ చెప్పేది వైరు తెగలేదని మాత్రమే. కరెంటు మోయగలదా అన్నది చెప్పదు.

లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 80 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. కేబుల్ చివర తుప్పు వల్ల 0.02 ఓమ్ నిరోధం ఉంది. 80ని 0.02తో గుణిస్తే 1.6 వోల్టులు ఆ ఒక్క జాయింటులోనే వేడిగా పోతాయి. ఇదే 0.02 ఓమ్‌ను మీటరు ఓమ్‌లలో చూడలేదు, ఎందుకంటే దాని ప్రోబ్ వైర్ల నిరోధమే అంతకు పది రెట్లు. కాబట్టి నిరోధాన్ని కొలవడం మానేసి, కరెంటు పారుతున్నప్పుడు ఎంత వోల్టేజి పోతోందో కొలవాలి.

చేసే పద్ధతి: మీటరు డీసీ వోల్టులలో పెట్టండి. ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ కడ్డీ మీద, నల్ల ప్రోబ్ పార్టు ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. ఇప్పుడు ఆ పార్టును ఆన్ చేయండి. మీటరులో కనిపించేదే ప్లస్ దారిలో పోతున్న వోల్టేజి. తరవాత ఎర్త్ వైపు: ఎర్ర ప్రోబ్ పార్టు ఎర్త్ టెర్మినల్ లేదా బాడీ మీద, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ కడ్డీ మీద పెట్టి, మళ్లీ ఆన్ చేయండి. పార్టు ఆఫ్‌లో ఉంటే కరెంటు పారదు, ఈ కొలతకు అర్థం ఉండదు.

ఒక జాయింటు లేదా ఒక స్విచ్ దగ్గర 0.1 వోల్టు దాకా ఫరవాలేదు. ఒక కేబులుకు, ఎర్త్ దారికి 0.2 దాకా చాలు. సెల్ఫ్ మోటారు ప్లస్ దారి మొత్తానికి 0.5 మించకూడదు. ఎక్కువ వస్తే ఒక ప్రోబ్‌ను అలాగే ఉంచి, రెండోదాన్ని ఒక్కో జాయింటు దాటిస్తూ బ్యాటరీ వైపు జరపండి. ఏ జాయింటు దాటగానే అంకె ఒక్కసారి పడిపోయిందో, తప్పు ఆ జాయింటులో ఉంది.

హెడ్‌లైటుకు చేసి చూస్తే పద్ధతి ఒంటబడుతుంది. హెచ్4 బల్బు 55 వాట్ల ఫిలమెంటు దాదాపు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీ దగ్గర 12.4, బల్బు రెండు పిన్నుల మధ్య 10.6 ఉంటే 1.8 వోల్టులు దారిలో పోతున్నాయి. ప్లస్ దారిలో 0.3, ఎర్త్ దారిలో 1.5 వచ్చిందంటే తేలిపోయినట్టే: ఎక్కువ వాట్ల బల్బు కాదు, ఎర్త్ వైరు బాగుచేయాలి. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే ఆ జాయింటు ఇంకా వేడెక్కి కప్లర్ కరుగుతుంది.

సెల్ఫ్ తిరగనప్పుడు

బటన్ నొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి దారి రెండుగా చీలుతుంది.

రిలే (బటన్ నొక్కితే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) టిక్కుమని, మోటారు తిరగకపోతే: మీటరు రిలే రెండు లావు టెర్మినళ్ల మధ్య పెట్టండి. బటన్ నొక్కనప్పుడు బ్యాటరీ వోల్టేజి చూపిస్తుంది. నొక్కినప్పుడు 0.2 కిందకు పడాలి. టిక్ శబ్దం వచ్చి కూడా 12 అలాగే నిలిస్తే రిలే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. నొక్కకముందే 12 చూపించకపోతే మోటారు టెర్మినల్ నుంచి మోటారు బాడీకి దారి ఉందో లేదో ఓమ్‌లలో చూడండి. దారే లేకపోతే మోటారు బ్రష్షులు అరిగి ఉంటాయి. రిలే బాగుంటే బటన్ నొక్కి ఉంచి మోటారు టెర్మినల్ నుంచి మోటారు బాడీకి కొలవండి. అక్కడ 10కి పైగా వచ్చి కూడా తిరగకపోతే మోటారే, అప్పుడు విప్పండి.

టిక్ కూడా రాకపోతే: రిలే రెండు సన్న వైర్ల మధ్య కొలవండి, బటన్ నొక్కి. 12 వచ్చి టిక్ రాకపోతే రిలే కాయిల్ పోయింది. ఏమీ రాకపోతే రిలేతో పనిలేదు. కిల్ స్విచ్ (ఇంజను ఆపేది), క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, స్టార్ట్ బటన్ వరుసగా చూడాలి. క్లచ్ లివర్ కింది చిన్న స్విచ్చు, బురద పట్టే సైడ్ స్టాండ్ స్విచ్చు ఈ వరుసలో పాత నేరస్థులు. స్విచ్‌ను తాత్కాలికంగా కలిపి పరీక్షించవచ్చు గానీ, సైడ్ స్టాండ్ స్విచ్‌ను శాశ్వతంగా కలిపేసి వదలకండి.

ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే

పెద్ద ఫ్యూజు వేయడం దీనికి మందు కాదు. ఫ్యూజు బదులు వైరే కాలుతుంది. పోయిన ఫ్యూజును చూడండి: గాజు నల్లబడి, తీగ ఆవిరైపోయి ఉంటే నేరుగా షార్ట్ (ప్లస్ వైరు ఎర్త్‌కు తగలడం), తీగ మధ్యలో మెల్లగా కరిగి తెగితే ఎక్కువ లోడు లేదా వయసు.

ఫ్యూజు తీసి, దాని రెండు కాళ్ల స్థానంలో 21 వాట్ల టెస్ట్ ల్యాంపు క్లిప్పులు పెట్టండి. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, ఇక ఫ్యూజులు తగలబెట్టే పని లేదు. ఇప్పుడు ఆ సర్క్యూట్‌లోని కప్లర్లు ఒక్కొక్కటి ఊడదీయండి. ఏది ఊడగానే బల్బు ఆరిపోయిందో లేదా బాగా సన్నబడిందో, షార్ట్ ఆ కొమ్మలో ఉంది. ఆ తరవాత హ్యాండిల్ రెండు వైపులా తిప్పండి, వైర్లు కదిపి చూడండి. ముందుగా చూడాల్సినవి: హ్యాండిల్ మెడ దగ్గర, ట్యాంకు కింద, సీటు బోల్టుల కింద నలిగేచోట, సైలెన్సర్ దగ్గర, వెనక మడ్‌గార్డు లోపల టైరు రాసుకునేచోట.

బ్యాటరీ చార్జి ఎక్కకపోతే

నిండు బ్యాటరీతో ఇంజను స్టార్ట్ చేసి, బ్యాటరీ మీద మీటరు పెట్టి, 4000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయండి. చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే చార్జింగ్ వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్ (రెక్టిఫైయర్‌తో కలిసి ఒకే పార్టుగా ఉంటుంది) అదుపు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

15 దాటినా వెంటనే రెగ్యులేటర్ కొనకండి. కొన్ని బండ్లలో రెగ్యులేటర్‌కు బ్యాటరీ వోల్టేజి తెలిపే విడి వైరు ఇగ్నిషన్ స్విచ్ మీదుగా వస్తుంది. ఆ స్విచ్ కాంటాక్టులో ఒక వోల్టు పోతే, రెగ్యులేటర్ బ్యాటరీ తక్కువగా ఉందనుకుని ఇంకో వోల్టు ఎక్కువ తోస్తుంది. ఆ వైరు దగ్గర వోల్టేజి, బ్యాటరీ వోల్టేజి సమానంగా ఉన్నాయో ముందు చూడండి.

చార్జింగ్ తక్కువగా ఉంటే మొదట రెగ్యులేటర్ ప్లస్ వైరు నుంచి బ్యాటరీ ప్లస్‌కు, రెగ్యులేటర్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు వోల్టేజి ఎంత పోతోందో ఇంజను నడుస్తుండగా, లైటు వేసి కొలవండి. ఒక్కో వైపు 0.2, 0.3 మించితే చార్జింగ్ అక్కడే ఆగిపోతోంది. స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్ల కప్లర్ చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారినా, కరిగినా కారణం అదే. కప్లర్ మార్చకుండా కొత్త రెగ్యులేటర్ పెడితే అదీ కొన్నాళ్లకు ఇదే దారి పడుతుంది.

అవన్నీ బాగుంటే స్టేటర్. మూడు వైర్లు వచ్చే త్రీ ఫేజ్ రకానికి, కప్లర్ ఊడదీసి స్టేటర్ వైపు కొలవాలి. వైర్లను రెండేసి చొప్పున మూడు జతలుగా చూడండి: సాధారణంగా 0.1 నుంచి 1 ఓమ్ మధ్య, మూడూ సమానంగా ఉండాలి. ఏ వైరు నుంచీ ఇంజను బాడీకి దారి ఉండకూడదు. ఉంటే కాయిల్ కాలి ఎర్త్ అయింది. తరవాత ఇంజను స్టార్ట్ చేసి మీటరు ఏసీ వోల్టులలో పెట్టి మళ్లీ మూడు జతలూ చూడండి. 5000 ఆర్‌పీఎం దగ్గర చాలా బండ్లలో 50 వోల్టులకు పైగా వస్తుంది. అసలు అంకె మాన్యువల్‌లో ఉంటుంది గానీ, మూడు జతలూ సమానంగా ఉండడం ముఖ్యం. ఈ వోల్టేజి గట్టిగా కొడుతుంది, ఊడిన కప్లర్‌ను చేత్తో ముట్టుకోకండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక తేడా వచ్చే కాయిళ్లుంటాయి. అందుకే బండి బాగా తిప్పాక కూడా ఒకసారి కొలవాలి. సింగిల్ ఫేజ్ చిన్న బండ్లలో కాయిల్ ఒక చివర ఎర్త్‌కు కలిసి ఉండొచ్చు, అక్కడ ఎర్త్ చూపించడం తప్పు కాదు.

స్టేటర్ బాగుంది, వైర్లు బాగున్నాయి, చార్జింగ్ లేదు: మిగిలింది రెక్టిఫైయర్ రెగ్యులేటరే. డయోడ్ మోడ్‌లో ఒక దిశలో 0.4 నుంచి 0.7, రెండో దిశలో ఓపెన్ (దారి లేనట్టు) చూపించాలి. ఈ పరీక్ష తప్పితే పార్టు పోయినట్టే, కానీ పాసైనంత మాత్రాన బాగున్నట్టు కాదు, రెగ్యులేటర్ భాగాన్ని ఇది పట్టుకోలేదు. మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) వాడే రకాలకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చార్జింగ్ చూసే పాత అలవాటు మాత్రం మానేయండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజి ఈసీయూని చంపేయొచ్చు.

నిలబెట్టిన బండిలో బ్యాటరీ దిగిపోతుంటే

తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఎర్ర ప్రోబ్‌ను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, మీటరును మైనస్ కడ్డీకి, విప్పిన వైరుకి మధ్య కలపండి. ఈ స్థితిలో తాళం తిప్పకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు. మీటరు ఫ్యూజు పోతుంది. కొన్ని ఈసీయూలు నిద్రలోకి జారడానికి కొద్ది నిమిషాలు తీసుకుంటాయి, ఆగండి.

ఎలక్ట్రానిక్స్ లేని బండిలో దాదాపు సున్నా ఉండాలి. గడియారం, ఈసీయూ ఉన్నవాటిలో కొద్ది మిల్లీఆంపియర్లు మామూలే. 50 మిల్లీఆంపియర్లు కనిపిస్తే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 6 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడుతుందో చూడండి. ఏ ఫ్యూజు తీసినా పడకపోతే రెగ్యులేటర్ కప్లర్ ఊడదీయండి. అప్పుడు పడితే దాని డయోడ్ లీకవుతోంది.

స్పార్క్ రాకపోతే

ఇంకో ప్లగ్‌ను క్యాపులో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించి చూడాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడి నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. ఎర్త్ లేకుండా గాల్లో పట్టుకుని సెల్ఫ్ కొడితే సీడీఐ (సమయానికి స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా) లేదా కాయిల్ దెబ్బతినొచ్చు. స్పార్క్ లేకపోతే కిల్ స్విచ్, కాయిల్‌కు సప్లై, ఎర్త్, ఆ తరవాత పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు కావాలో తెలిపే సెన్సర్) నిరోధం మాన్యువల్ అంకెతో పోల్చండి. ప్లగ్ క్యాపులో రెసిస్టర్ ఉంటే తరచుగా 5 కిలో ఓమ్‌లు ఉంటుంది. ఓపెన్ చూపిస్తే క్యాపు మార్చండి. సీడీఐకి మీటరుతో ఖచ్చితమైన పరీక్ష లేదు కాబట్టి దాన్ని అన్నిటికన్నా చివర అనుమానించాలి. చాలామంది దాన్నే మొదట కొంటారు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో మిణుకుమనే లైటు చెప్పే కోడ్ ఒక సర్క్యూట్ పేరు చెబుతుంది, పార్టు పేరు కాదు. సెన్సర్ కోడ్ వస్తే దాని కప్లర్ దగ్గర 5 వోల్టుల సప్లై, ఎర్త్ ఉన్నాయో మీటరుతో చూశాకే సెన్సర్ సంగతి.

వచ్చి పోయే తప్పులు

ఇవే ఓపిక తినేవి. తప్పు కనిపించేటప్పుడు కొలవాలి, కనిపించనప్పుడు కొలతలన్నీ బాగానే ఉంటాయి. అనుమానమున్న చోట మీటరు లేదా బల్బు కట్టి ఉంచి, హ్యాండిల్ ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి, వైర్ల కట్టను గుప్పెడు గుప్పెడుగా కదపండి, కప్లర్లను వేలితో తట్టండి. వేడికి వచ్చే తప్పయితే హెయిర్ డ్రయర్‌తో ఒక్కో పార్టునీ వేడి చేయవచ్చు. తడికి వచ్చేదైతే నీళ్లు సన్నగా చిలకరించి చూడండి, కానీ ఒక్కసారికి ఒక్క చోటే.

కప్లర్ లోపల ఆకుపచ్చ తుప్పు ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, సాగిపోయిన ఆడ పిన్నును సన్న సూదితో కొద్దిగా బిగించి, చివర్లో డైఎలక్ట్రిక్ గ్రీజు (తడి చొరనివ్వని గ్రీజు) రాయండి. వైరు లోపల నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కోసి కొత్త ముక్క కలపాలి. నల్లబడిన తీగకు సాల్డర్ అంటదు. ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటు తీసేసి, లోహానికి లోహం తగిలేలా బిగించండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు, కలిపేటప్పుడు ప్లస్ ముందు. పని అయ్యాక మొదట ఎక్కడ వోల్టేజి పోయిందో అక్కడే మీటరు పెట్టి మళ్లీ కొలవండి. 1.5 ఉన్న చోట 0.1 వస్తే ట్యాంకు బిగించేయొచ్చు. ఇంకా 0.6 ఉంటే ఆ దారిలో ఇంకో చెడు జాయింటు ఉన్నట్టే.